ములుగు అడవి అంచున సంక్రాంతి సెలవులు: అడవి నడకకు ఫుల్ మార్కులు, డీజేకి సున్నా

పిల్లల్ని తీస్కొని అడవి రిసార్ట్‌కు పోదామనుకునేటోళ్లు ఫోన్ చేసినప్పుడు ముందుగాల అడగాల్సింది స్విమ్మింగ్ పూల్ ఉందా, రూమ్‌ల ఏసీ ఉందా అని కాదు, అడవి తెలిసిన మనిషి మీ దగ్గర ఎవరన్న ఉన్నరా, పిల్లల్ని ఎంబడి పెట్టుకొని నడిపిస్తరా అని. సంక్రాంతి సెలవులకు మేం ఇంటిల్లిపాది ఈ రిసార్ట్‌ల ఉండి వచ్చినంక నాకు గట్టిగ అనిపించింది ఇదే. మేం హన్మకొండల ఉంటం. నేను, మా ఆయన, ఆరో తరగతి చదివే మా పెద్దమ్మాయి, ఒకటో తరగతి చదివే చిన్నోడు, మా అత్తమ్మ కలిసి పోయినం. నచ్చినవి చానా ఉన్నయి, నచ్చనివి కూడ ఉన్నయి, రెండూ వివరంగనే రాస్తున్న, ఎందుకంటే పోయే ముందు నేను రివ్యూలు వెతికితే అన్నిట్ల "సూపర్ ప్లేస్" "నైస్ వ్యూ" తప్ప ఒక్కటి పనికొచ్చే ముచ్చట దొరకలేదు.

దారి మస్తు సులువు. హైదరాబాద్ నుంచి భూపాలపట్నం పోయే 163 నేషనల్ హైవేనే, హన్మకొండ దాటితే ఆత్మకూరు, గూడెప్పాడు, మల్లంపల్లి, తర్వాత ములుగు ఇంక వస్తదనంగ గట్టమ్మ తల్లి. మేడారం పోయినా పోకున్నా ఈ తొవ్వల పోయేటోళ్లు గట్టమ్మ కాడ ఆగి మొక్కకుండ పోరు, మా అత్తమ్మ ఉంటే ఇంక చెప్పేదేముంది, కొబ్బరికాయ ఇంటి నుంచే సంచిల పెట్టుకొని వచ్చింది. ములుగు దాటినంక గోవిందరావుపేట, పస్రా, ఆడినుంచి రెండు దిక్కుల టేకు చెట్లు మొదలైతయి, ఏసీ బంద్ చేసి అద్దాలు దించుకోవచ్చు. ఈ రిసార్ట్ అభయారణ్యం లోపల లేదు, అంచున పట్టా భూమిల కట్టింది, ఊరి పొలాలు ఒకదిక్కు, అడవి ఒకదిక్కు. ఏటూరునాగారం అభయారణ్యం 800 చదరపు కిలోమీటర్లకు పైన ఉంటది, దాని లోపలికి ఎవలు పడితే వాళ్లు పోవద్దు, ఫారెస్టోళ్ల పర్మిషన్ కావాలె. అందుకే రిసార్టోళ్లు నడిపించే దారులు ఎక్కువ అడవి అంచు వెంబడి, ఊరోళ్లు పశువుల్ని తోలుకపోయే బాటలల్లనే ఉంటయి. ఇది ముందే తెల్సుకొని పోతే మంచిది, పులి కనిపిస్తదా జీపు సఫారీ ఉంటదా అని వచ్చినోళ్లు కొందరు రిసెప్షన్ల గొడవ పెట్టుకునుడు చూసిన, అట్లాంటిది కావాలంటే జన్నారం దిక్కు కవ్వాల్ టైగర్ రిజర్వ్‌కు పోవాలె గానీ ఇక్కడికి కాదు.

రూమ్ గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. దుప్పట్లు శుభ్రంగ ఉన్నయి, బాత్రూం మంచిగున్నది, గీజర్ నీళ్లు మాత్రం ఇద్దరు స్నానం చేసేసరికి చల్లవడ్డయి, జనవరిల ఆ పక్క పొద్దుగాల చలి మామూలుగ ఉండదు, ఇంకో రెండు రగ్గులు అడిగితే వెంటనే తెచ్చిచ్చిన్రు. టీవీ ఉంది గానీ మా పిల్లలు దాన్ని పెట్టలేదు, పెట్టే టైం దొరకలేదు.

ఇంక అసలు ముచ్చట అడవి నడక. పొద్దుగాల ఆరింటికి బయల్దేరాలె, తీస్కపోయింది పక్క గూడెం నుంచి వచ్చే కోయ పిల్లగాడు, ఇరవై రెండో ఇరవై మూడో ఏండ్లు ఉంటయి, డిగ్రీ చదివిండట, నెత్తికి మఫ్లర్ చుట్టుకొని చేతుల ఒక సన్నటి కట్టె పట్టుకొని వచ్చిండు. నేను తమ్మీ అని పిలిచిన, ఆయన మా అత్తమ్మను పెద్దమ్మ అన్నడు, పిల్లలకు అయితే అన్న అయిపోయిండు. బయల్దేరంగనే చెప్పిండు, "అక్కా, జంతువులు కనిపిస్తయని నేను మాటియ్య, అవి వచ్చిపోయిన జాడలు మాత్రం చూపిస్త" అని. నాకు ఆ మాటనే నచ్చింది, ఎందుకంటే అంతకుముందు వేరే దిక్కు మేం పోయిన ఒకకాడ జింకలు గ్యారంటీ అని చెప్పి గంటసేపు జీపుల తిప్పి పైసలు తీస్కున్నరు, అక్కడ పిల్లలు సీట్లనే నిద్రపోయిన్రు.

ఇక్కడ అట్ల కాదు. రెండొందల అడుగులు పోయినమో లేదో కట్టెతోటి ఆపిండు. తొవ్వ పక్కన ఒక పెద్ద చెదల పుట్ట, నడుమంతా తవ్వేసి ఉన్నది, మట్టి ఇంక తడిగనే ఉన్నది. గుడ్డెలుగు రాత్రి వచ్చి తవ్విందని చెప్పి పిల్లల్ని కూసోబెట్టి ఒక్కొక్కటి చూపించిండు, గోర్లు పడ్డ గీతలు పక్కపక్కన ఎట్ల ఉన్నయో, మట్టి ఎటు చిమ్మిందో. గుడ్డెలుగు పుట్టను గోర్లతోటి చీల్చి, దుమ్మును ఊది పక్కకు కొట్టి, మూతి లోపలికి పెట్టి చెదలను గట్టిగ పీలుస్తదంట, దానికి పైన ముందుపండ్లు రెండు ఉండవంట, ఆ సందులోంచే పీలుస్తది. మా చిన్నోడికి కూడ అప్పుడే ముందుపండు ఊడి ఉన్నది, వాడు అక్కడనే మట్టిల కూసొని నోరు సున్నా చుట్టి పీల్చుడు మొదలువెట్టిండు, ఆ రోజంతా ఏ పుట్ట కనిపించినా ఇదే పని. అన్నం ముందు కూసుంటే ఫోన్ చూపించందే ముద్ద మింగని పిల్లగాడు పుట్ట ముందు అంతసేపు కూసునుడు నేను అనుకోలేదు.

తర్వాత నల్లమద్ది చెట్టు. బెరడు అచ్చం మొసలి వీపు లెక్కనే పలకలు పలకలుగ ఉంటది, పిల్లలిద్దరితోటి కండ్లు మూపిచ్చి చేతులు పెట్టిచ్చి ఏ చెట్టో చెప్పుమన్నడు, టేకు బెరడుకు దీనికి తేడా చేతులతోటే పట్టేటట్టు నేర్పిండు. ఎండాకాలం కొన్ని నల్లమద్ది చెట్ల మొద్దుల్ల నీళ్లు నిల్వ ఉంటయట, అడవిల తిరిగేటోళ్లు దప్పికకు తాగేటోళ్లట. తునికి చెట్టు చూపించి బీడీ ఆకు ఇదే అన్నడు, వేసవిల తెల్లారకముందే పోయి ఆకు తెంపుకొచ్చి యాభై ఆకులు ఒక కట్ట కట్టి కల్లంల ఎండబెట్టుడు, ఆ పైసలతోటే తన కాలేజీ ఫీజులు కట్టుడు, అన్నీ నడుసుకుంట నడుసుకుంట చెప్పిండు. మా అత్తమ్మ చిన్నప్పుడు వాళ్లింట్ల బీడీలు చేసేటోళ్లు, ఇంక చూడుండ్రి, ఇద్దరికి ముచ్చట్లు కలిసినయి, కత్తెరతోటి ఆకు ఎట్ల కత్తిరిస్తరో ఆమె చేతులతోటి చూపిచ్చుడు, ఆకు ఎప్పుడు తెంపితే మెత్తగ ఉంటదో ఆయన చెప్పుడు. మేం వెనుకవడి ఊకనే విన్నం. మోకాళ్ల నొప్పి అని ఇంట్ల మెట్లెక్కని మనిషి మాతోటి సమానంగ నడిచింది, ఆయన కూడ ఆమె అడుగును చూస్కుంట ఆగుకుంట పోయిండు గానీ ఒక్కసారి తొందర పెట్టలేదు.

కొండెంగలు మస్తు కనిపించినయి, వాటి కింద ఒక దుప్పుల గుంపు. పైన కొండెంగలు తెంపి పారేసిన ఆకులు కింద దుప్పులు తింటయట, పైనున్నదానికి దూరంగ వచ్చేది కనిపిస్తది, అది అరిస్తే కిందివి ఉరుకుతయి. మేం అక్కడనే చెట్టు చాటుకు నిలవడి చూసినం, ఎవ్వలం మాట్లాడలేదు, మా పెద్దమ్మాయి మెల్లగ నా చెయ్యి పట్టుకున్నది. పాలపిట్ట కూడ కనిపించింది, దసరా నాడు చూడాలని ఊరంతా తిరిగేటోళ్లం, అది ఇక్కడ కరెంటు తీగ మీద మన దిక్కే చూస్కుంట కూసున్నది. పొలం గట్టుమీద ఈతచెట్టు కింద చిన్నోడికి గిజిగాని గూడు ఒకటి రాలిపడి దొరికింది. దాన్ని చేతులవట్టుకొని లోపలికి చూస్తే ఎండిన బంకమట్టి ముద్దలు అతికిచ్చి ఉన్నయి. గడ్డి అల్లిన తీరు అయితే ఎంత ఒత్తుగున్నదంటే వేలు లోపలికి పోలేదు. ఇంటికి తెచ్చుకుంట అని వాడు మారాం చేసిండు, "ఈడనే ఉండనియ్ తమ్మీ, నీ లెక్కనే రేపు ఇంకో పిల్లగాడు వచ్చి చూస్తడు" అని గైడ్ తమ్ముడు అంటే వాడే పోయి చెట్టు మొదట్ల పెట్టొచ్చిండు.

నడిచేటప్పుడు మా పెద్దదానికి చెప్పు సందులకెళ్లి ముల్లు గుచ్చుకున్నది. చెప్పులతోటి రావొద్దు బూట్లు వేసుకోవాలె అని రిసార్టోళ్లు బుకింగ్‌ల చెప్తే బాగుండు, చెప్పలేదు, మీరు మాత్రం అందరికి బూట్లు, పొడుగు ప్యాంట్లు తీస్కపోండ్రి. గైడ్ తమ్ముడు పిల్లను రాయి మీద కూసోబెట్టి ఇంకో ముల్లుతోటే ఆ ముల్లు తీసిండు, ఏదో ఆకు నలిపి రసం పిండిండు, ఐదు నిమిషాలల్ల అది మళ్ల ముందల నడిచింది.

తెల్లారి దామెరవాయి తీస్కపోయిండు, తాడ్వాయి మండలమే. పెద్దపెద్ద రాతి పలకలు నిలవెట్టి మీదికెళ్లి ఇంకో పలక కప్పి కట్టిన పాతకాలం సమాధులు, వేల ఏండ్ల నాటివి, ఊరోళ్లు రాకాసి గుళ్లు అంటరు. గుట్టమీద చెట్ల నడుమ ఒకటెన్క ఒకటి వస్తనే ఉంటయి. సున్నం లేదు, సిమెంటు లేదు, మీది పలక ఒక్కటే మా కారంత ఉన్నది, అంత బరువు మనుషులు ఎట్ల ఎత్తిన్రు అని మా అమ్మాయి అడిగిన ప్రశ్నలకు మా ఆయన దగ్గర జవాబు లేదు, ఇంటికొచ్చినంక లైబ్రరీ నుంచి పుస్తకం తెచ్చుకొని చదువుతున్నది. ఎక్కుడు కొంచెం కష్టమే, ముసలోళ్లకు వద్దు, మా అత్తమ్మను రిసార్ట్‌లనే ఉంచి పోయినం. బోర్డులు గిట్ల పెద్దగ లేవు, తెల్సిన మనిషి లేకుండ పోతే తొవ్వ దొరకదు. ఇంత గొప్ప జాగ మన వరంగల్ పక్కన్నే ఉంటే ఎంతమంది పిల్లలు చూసిన్రు చెప్పుండ్రి, బళ్లోళ్లు హైదరాబాద్ వాటర్ పార్కులకు బస్సులు పెట్టుకొని తీస్కపోతరు, ఒక్కసారన్న ఇటు తీస్కరావాలె అని నాకు గట్టిగ అనిపించింది.

రిసార్ట్ లోపలి అడ్వెంచర్ ఐటెంల గురించి చెప్తే, ఇక్కడ నాకు కోపం వచ్చింది. ఫోన్ల మాట్లాడినప్పుడు అన్ని యాక్టివిటీలు ప్యాకేజీలనే ఉంటయి, పిల్లలందరు ఆడుకోవచ్చు అన్నరు. పోయినంక జిప్‌లైన్‌కు వేరే పైసలు, కయాకింగ్‌కు వేరే పైసలు, పైగా 30 కిలోల కంటె తక్కువున్న పిల్లల్ని జిప్‌లైన్ ఎక్కనియ్యమన్నరు. ఆ రూల్ తప్పు కాదు, మంచి రూలే, కానీ ఆ ముక్క ఫోన్లనే చెప్పాలె గదా, ఇంటికాడి నుంచి ఎగురుకుంట వచ్చిన పిల్లగాడు మెట్ల కాడ నిలవడి ఏడిస్తే తల్లికి ఎట్లుంటది. అక్కడి కుర్రోడు మాత్రం మంచోడు, చిన్నోన్ని తీస్కపోయి తక్కువ ఎత్తుల కట్టిన తాళ్ల వంతెన మీద ఎన్నిసార్లంటే అన్నిసార్లు నడిపిచ్చిండు, కింద వల ఉన్నది, నడుముకు బెల్టు ఉన్నది.

సేఫ్టీ అయితే నేను దగ్గరుండి చూసిన. జిప్‌లైన్ మీద ఒక్కటి కాదు రెండు తీగలు ఉన్నయి, హార్నెస్ కొక్కేలు రెండు, ఒకలు తగిలిస్తే ఇంకొకలు వచ్చి గుంజి చూసి సరే అన్నంకనే తోల్తరు. హెల్మెట్ పెట్టుకోనన్న పెద్దమనిషి ఒకాయనను ఎక్కనియ్యలేదు, ఆయన ఎంత మొత్తుకున్నా ఇనలేదు, ఆ విషయంల శభాష్ అనాలె. కానీ పిల్లల సైజు హెల్మెట్లు తక్కువున్నయి, మా అమ్మాయికి పెట్టింది వదులుగుంటే లోపల టవల్ ముక్క పెట్టబోయిన్రు, నేను వద్దని వేరేది ఖాళీ అయ్యేదాక ఆపిన. ఇంత పైసలు తీస్కునేటోళ్లు చిన్న హెల్మెట్లు ఇంకో పది కొనుడు పెద్ద పని కాదు. సైకిళ్లది ఇంక అన్యాయం. పొద్దుగాల మంచుల పొలాల నడుమ మట్టిబాట మీద సైకిల్ తొక్కుడు ఎంత బాగుంటదో మాటలల్ల చెప్పలేను, ఒకదిక్కు యాసంగి నాట్లు వేసుకుంట అమ్మలక్కలు పాటలు, ఇంకోదిక్కు మిరపతోటలు ఎర్రగ, కానీ ఇచ్చిన సైకిళ్లల్ల ఒకదానికి బ్రేకు పట్టదు, ఒకదానికి చైన్ ఊకె ఊడుతది. దిగుడు దారిల బ్రేకు పడకపోతే పిల్లలకు ఏమైతది అని మేనేజర్‌ను నిలదీసి అడిగితే మెకానిక్ పండుగకు ఊరికి పోయిండు అన్నడు. మా ఆయన వాళ్ల దగ్గర పానలు అడుక్కొని మా వరకు బాగుజేసిండు. పోయేటోళ్లు తొక్కేముందు బ్రేకులు రెండూ పట్టి చూస్కోండ్రి.

లక్నవరం ఇక్కడికి దగ్గరనే, ఒక పూట దానికే పెట్టుకున్నం. కాకతీయ గణపతిదేవుని కాలం నాటి చెరువు, ఏడెనిమిది వందల ఏండ్ల సంది నీళ్లిస్తనే ఉన్నది, చుట్టూ గుట్టలు నడుమ దీవులు, దీవికి పోయే తీగల వంతెన మీద నడుస్తుంటే కాళ్ల కింద సన్నగ ఊగుతది. పిల్లలకు ఆ వంతెనే పండుగ. పడవ కూడ ఎక్కినం, లైఫ్ జాకెట్ బెల్టులు అందరివి బిగించి చూసినంకనే పడవ తీసిన్రు. ఆదివారం పోవద్దు, జనం ఎక్కువుంటరు, మేం మామూలు రోజు పొద్దుగాల పోయినం కాబట్టి వంతెన మీద మేమే ఉన్నం.

తిండి సంగతికొస్తే మొదటి రాత్రి బఫే చూసి నాకు నిరాశ అనిపించింది. పనీర్ బటర్ మసాలా, నూడుల్స్, గోబీ మంచూరియా, హన్మకొండ చౌరస్తల దొరికేవే. వంటింటి వెనుక దిక్కు నుంచి మంచి వాసన వస్తే మా అత్తమ్మ పోయి చూసొచ్చింది, వంటచేసే అమ్మలు వాళ్ల కోసం జొన్నరొట్టెలు, పచ్చిపులుసు, చిక్కుడుకాయ కూర చేసుకుంటున్నరు. "మాగ్గూడ ఇదే పెట్టు బిడ్డా" అని అడిగితే వాళ్లు సిగ్గుపడుకుంటనే మస్తు సంబరంగ పెట్టిన్రు, అప్పటి నుంచి మేం ఉన్నన్ని రోజులు బఫే దిక్కు చూడలేదు. కట్టెల పొయ్యి మీద కాల్చిన జొన్నరొట్టె, ఉల్లిగడ్డ పచ్చిమిర్చి ఏసి పిసికిన పచ్చిపులుసు, చలిల వేడివేడిగ, ఒక్క మాటల చెప్పాలంటే రూమ్ కిరాయి దానికే ఇచ్చినా తప్పులేదు. సర్వపిండి కూడ చేసిపెట్టిన్రు, నువ్వులు పల్లీలు శనగపప్పు దండిగ ఏసి గిన్నెకు ఒత్తి కాల్చింది, చిన్నోడు రెండు తిన్నడు. బొంగు చికెన్ ఆర్డర్ ఇస్తే పిల్లల ముందే పచ్చి వెదురు బొంగుల మసాలా పట్టిచ్చిన ముక్కలు కూరి మూతికి ఆకు కుక్కి నిప్పుల మీద తిప్పిన్రు, నూనె చుక్క ఏయలేదు, ముక్క మెత్తగ ఉడికింది, ఉప్పు మాత్రం కొంచెం తక్కువైంది. యజమానులకు నా మాట ఒక్కటే, ఆ అమ్మల వంటనే మీ మెనూ చెయ్యుండ్రి, నూడుల్స్ తినడానికి ములుగు దాక ఎవరొస్తరు, తిండి పేరుతోటి వాళ్లకు నాలుగు పైసలు ఎక్కువ దొరుకుతయి కూడ.

ఇంక డీజే. శనివారం రాత్రి ఏదో కంపెనీ నుంచి పెద్ద గుంపు వచ్చింది, లాన్ల బాక్సులు పెట్టి పదకొండు దాటేదాక కొట్టిన్రు. అంతకుముందు రాత్రి అదే లాన్ల మేం చలిమంట చుట్టు కూసొని కప్పల సప్పుడు, గుడ్లగూబ సప్పుడు విన్నం, మొగులు నిండ చుక్కలు, మా పిల్లలు అన్ని చుక్కలు ఎన్నడు చూడలేదు. డీజే మొదలుకాంగనే ఒక్కటి వినిపించలేదు, కుక్కలు మాత్రం ఆగకుండ మొరిగినయి, మా అత్తమ్మకు గుండె దడ వచ్చింది. నేను పోయి మేనేజర్‌ను అడిగిన, తగ్గిచ్చిన్రు గానీ బంద్ చెయ్యలేదు, వాళ్లు కూడ పైసలు కట్టిన్రు మేడం అన్నరు. పైసలు ఎవరు కట్టినా ఇది అడవి అంచు, పక్కనే దుప్పులు నీళ్లు తాగే కుంట ఉన్నది, పొద్దుగాల మాకు జాడలు చూపిచ్చింది ఆ కుంట కాడనే. తెల్లారి నడకకు పోతే ఆ రోజు ఒక్క కొత్త జాడ లేదు, గైడ్ తమ్ముడు ఏమనలేదు గానీ ఆయన మొఖం చూస్తే నాకు బాధ అనిపించింది. పెండ్లిళ్లకు పార్టీలకు ఊర్లల్ల ఎన్ని ఫంక్షన్ హాళ్లు లేవు, అడవి పేరు చెప్పుకొని గిరాకీ తెచ్చుకునేటోళ్లు అడవిని నిద్రపోనియ్యాలె. ఈ ఒక్కదానికే నేను ఒక స్టార్ తీసేసిన.

మేడారం కూడ పోయొచ్చినం, అత్తమ్మ మొక్కు ఉండె, జంపన్నవాగుల కాళ్లు కడుక్కొని గద్దెల కాడ నిలువెత్తు బంగారం, అంటే బెల్లం, సమర్పించుకున్నం. తాడ్వాయి నుంచి పోయే దారిల 2024 ఆగస్టు ఆఖర్ల వచ్చిన సుడిగాలికి ఒక్క సాయంత్రంల వేల చెట్లు కూలిన జాగ ఉన్నది. ఇక్కడ కింద రాయి, మట్టి పలుచన, వేర్లు లోతుకు పోలేదు అందుకే అట్ల పడ్డయి అని తమ్ముడు అన్నడు, అదే జాగల కొత్త మొలకలు చూపిచ్చిండు. ఒక సంగతి గుర్తుపెట్టుకోండ్రి, రెండేండ్లకోసారి వచ్చే జాతర టైంల, 2024ల ఫిబ్రవరి 21 నుంచి 24, 2026ల జనవరి 28 నుంచి 31 అట్ల, ఈ రోడ్డంతా బండ్లతోటే నిండిపోతది, ముందటి ఆదివారాలు కూడ అంతే, అప్పుడు అడవి నడక కోసం రావొద్దు, అమ్మలకు మొక్కడానికైతే రావాలె.

తిరుగు ప్రయాణంల పాలంపేట దిగి రామప్ప చూసినం. 1213ల రేచర్ల రుద్రుడు కట్టిచ్చిన గుడి, 2021ల యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వం కింద తీస్కున్నరు, నీళ్లల్ల తేలే ఇటుకల గురించి పిల్లలకు బళ్లె చెప్పిన్రు కాబట్టి వాళ్లే మాకు చెప్పిన్రు. కప్పు కింద మదనికల శిల్పాలల్ల ఒకామె కాలుల ముల్లు తీపిచ్చుకుంటున్నట్టు ఉన్నది, మా పెద్దది దాన్ని చూసి "అమ్మా, నాకు అన్న తీసినట్టే" అని ఒర్రింది, గుడి కాడి గైడ్ అప్పటి నుంచి అందర్ని పిలిచి మళ్ల అది చూపించుడు మొదలువెట్టిండు. టైం ఉంటే బోగత కూడ పోవచ్చు గానీ అది ఇటు కాదు, ఏటూరునాగారం దాటి ముల్లకట్ట బ్రిడ్జి మీంచి గోదావరి అవతలికి పోయి వాజేడు దిక్కు, వరంగల్ నుంచైతే దాదాపు 140 కిలోమీటర్లు, పైగా సంక్రాంతికి నీళ్లు తగ్గుతయి, వానకాలంల పోతేనే దాని అందం. వరద జోరున్నప్పుడు లోపలికి దిగనియ్యరు, దిగొద్దు కూడ.

రేట్లు అడిగేటోళ్ల కోసం, మాకు రాత్రికి కాటేజీ 6,500 పడ్డది, టిఫిన్ దాంట్లనే, నడకకు మనిషికి 300, చిన్నోడికి తీస్కోలేదు. ఆ 300ల గైడ్‌కు ఎంత పోతదని అడిగితే సరిగ్గ చెప్పలేదు, మేం వచ్చేటప్పుడు తమ్ముని చేతికి వేరేగ ఇచ్చినం, వద్దన్నడు, అత్తమ్మ జేబుల పెట్టింది. మీరు కూడ చేతికే ఇయ్యుండ్రి. ఫోన్ సిగ్నల్ రిసెప్షన్ దగ్గర తప్ప లేదు, కావాల్సిన మందులు హన్మకొండలనే కొనుక్కోండ్రి. ఏజెన్సీ ఏరియా, దోమలు ఎక్కువ, ఓడోమాస్ పూసుకోవాలె, పొద్దుమూకినంక పిల్లలకు నిండ బట్టలు ఎయ్యాలె, రూమ్‌ల దోమతెర లేదు, అడిగితే ఇస్తరు. పెద్దవాళ్లు ఉంటే రిసెప్షన్‌కు దగ్గరున్న కాటేజీ అడగండ్రి, వెనుకవి ఎత్తుమీద ఉన్నయి, మెట్లకు పట్టుకునే కడ్డీ లేదు. బుక్ చేసేటప్పుడు ఆ తేదీలల్ల పార్టీ బుకింగ్ ఏమన్న ఉందా అని ఖచ్చితంగ అడగండ్రి, ఉందంటే వేరే తేదీ పెట్టుకోండ్రి, మామూలు రోజులు అయితే ఇంక మంచిది. నడకకు కోయ గైడే కావాలె అని ముందే చెప్పుండ్రి, లేకపోతే రిసార్ట్ స్టాఫ్‌ల ఎవర్నో ఒకర్ని పంపుతరట, అట్ల పోయిన ఒక ఫ్యామిలీ అరగంటల తిరిగొచ్చింది, వాళ్లకు ఒక్క పుట్ట కూడ ఎవ్వలు చూపియ్యలేదు.

సైకిళ్లు బాగుచేపిస్త, చిన్న హెల్మెట్లు తెప్పిస్త అని మేనేజర్ మాకు మాటిచ్చిండు, డీజే గురించి మాత్రం ఓనర్‌తోటి మాట్లాడుతా అన్నడు. దసరా సెలవులకు మళ్ల రావాలని పిల్లలు ఇప్పటి నుంచే లెక్కలు వేసుకుంటున్నరు. బుక్ చేసే ముందు నేను అదే ఫోన్ చేసి అడుగుత, డీజే బంద్ చేసిన్రంటే వచ్చి తీసేసిన స్టార్ మళ్ల పెడ్త.